రానుపోను 480 కిలోమీటర్లు: సీమ రోడ్ల మీద డీజిల్, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల లెక్క

కర్నూలులో కాస్త కలిగిన ఇంట్లో కారు మార్చాలనే మాట వస్తే ఈమధ్య ఒక పట్టాన తేలడం లేదు. ఇంటి పెద్దాయన ఫార్చ్యూనర్ అంటాడు. ఇంకాస్త పైకి పోదామనుకుంటే ఏ బీఎండబ్ల్యూనో మెర్సిడెసో డీజిల్‌లో చూద్దామంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ‘ఇంకా డీజిలేంది నాయనా, ఎలక్ట్రిక్ తీసుకుందాం’ అంటాడు. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు ‘హైబ్రిడ్ తీసుకోండి సార్, రెండిటి లాభమూ ఉంటుంది’ అని ఇంజనూ కరెంటు మోటారూ కలిసుండే మూడో దారి చూపిస్తాడు. ముగ్గురి దగ్గరా అంకెలున్నాయి. వాటిలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ అంకెలు తీసిన తీరు వేరు, మనం బండి నడిపే తీరు వేరు.

మన ఊళ్ళలో పెద్ద కారు ఊళ్ళో తిరగడానికి కొనరు. రాజ్‌విహార్ నుంచి బళ్ళారి చౌరస్తాకి పోవాలంటే స్కూటరే సుఖం. పెద్ద కారు అవసరం పడేది ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకి, పిల్లల కాలేజీకి, విమానం ఎక్కే బంధువులకి. కర్నూలు వాళ్ళకి హైదరాబాద్, అనంతపురం వాళ్ళకి బెంగళూరు, కడప వాళ్ళకి తిరుపతి, అది దాటితే చెన్నై. పొద్దున బయల్దేరి, పని చూసుకుని, రాత్రికి ఇంటికి చేరాలి. కర్నూలు నుంచి హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు కూడా అదే రోడ్డు, దాదాపు అంతే దూరం. అక్కడ ఊళ్ళో ఇంకో 50 తిరిగితే రానుపోను 480. నా దృష్టిలో మన ప్రాంతంలో ఏ లగ్జరీ ఎస్‌యూవీనైనా ఈ 480 మీద పెట్టి తూచాలి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఒకే బండి, రెండు రకాలు

పోల్చడానికి వీలైన జోడీ ఒకటి దొరికింది. బీఎండబ్ల్యూ ఎక్స్1 పెట్రోలులోనూ డీజిల్‌లోనూ వస్తుంది. దాని ఎలక్ట్రిక్ రూపం ఐఎక్స్1ను, కాస్త పొడుగు చేసి, 2025 జనవరిలో 49 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకి ఇక్కడ విడుదల చేశారు. చెన్నై ఫ్యాక్టరీలోనే తయారవుతోంది. డీజిల్ ఎక్స్1 ధర కూడా 50 లక్షల దగ్గర్లోనే ఉంటుంది. అంటే ధర ఒకటే, బ్యాడ్జీ ఒకటే, లోపల సీట్లూ స్క్రీన్లూ దాదాపు ఒకటే.

ధర ఒకటే ఎలా అయిందో మాత్రం కాస్త ఆగి చూడాలి. పెద్ద పెట్రోలు, డీజిల్ ఎస్‌యూవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. ఎలక్ట్రిక్ మీద 5 శాతం. పన్ను కలిపి 49 లక్షలైన డీజిల్ బండి అసలు ధర 35 లక్షలు. పన్ను కలిపి అదే 49 లక్షలైన ఎలక్ట్రిక్ బండి అసలు ధర 46 లక్షల 67 వేలు. అంటే ఎలక్ట్రిక్ బండి పదకొండున్నర లక్షలు ఎక్కువ ఖరీదైనదే. ఆ తేడాని పన్ను కప్పేసింది. ఇది కొనేవాడికి మంచిదే. కాకపోతే రేపు పన్ను మారినా, బ్యాటరీ చవకైనా, ముందు తగ్గేది ఈ బండి సెకండ్‌హ్యాండ్ ధరే. మన దగ్గర ఐదేళ్ళకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్ళు ఈ సంగతి మరవకూడదు.

ఇక రేంజి, అంటే ఒకసారి నిండుగా చార్జ్ చేస్తే బండి పోయే దూరం. ఐఎక్స్1లో 66.4 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే మన కరెంటు మీటరు భాషలో 66 యూనిట్లు. కంపెనీ చెప్పే రేంజి 531 కిలోమీటర్లు. అది చూసి ‘480కి సరిపోతుంది కదా, ఇంకా 50 మిగులుతుంది’ అనుకునేవాళ్ళు నాకు చాలామందే తగిలారు. సరిపోదు. ఆ 531 వచ్చింది ప్రయోగశాలలో, రోలర్ల మీద, మన దేశపు పరీక్షా పద్ధతిలో. అందులో బండి గంటకి 90 కిలోమీటర్లు దాటదు, ఎక్కువ సేపు ఊరి ట్రాఫిక్ వేగంలోనే పాకుతుంది, ఏసీ ఆడదు. పుల్లూరు టోల్ దాటాక మనం 90 దగ్గర ఆగుతామా?

డీజిల్ కారుకీ అదే పద్ధతి, కానీ దానికి ఫలితం తిరగబడుతుంది. డీజిల్ ఇంజను ఊళ్ళో ఆగుతూ కదులుతూ పోతే నూనె తాగుతుంది, హైవే ఎక్కితే తేలికపడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఊళ్ళో దర్జాగా పోతుంది, హైవే మీద రేంజి కరిగిపోతుంది. కారణం ఇది. డీజిల్ ఇంజను తాగే నూనెలో సగానికి పైగా ఎలాగూ వేడిగానే పోతుంది, నెమ్మదిగా నడిపినా పోతుంది. హైవే మీద ఇంజను దానికి నచ్చిన వేగంలో, నచ్చిన బరువు కింద పనిచేస్తుంది కాబట్టి ఆ వృథా కొంత తగ్గి, గాలి ఆపే బలం పెరిగినా మొత్తం మీద మైలేజీ బాగానే ఉంటుంది. మోటారు ఎప్పుడూ 90 శాతం దరిదాపుల్లో పొదుపుగానే పనిచేస్తుంది, దాంట్లో తగ్గించడానికి వృథా ఏమీ మిగలదు. కాబట్టి గాలి నుంచి వచ్చే భారం ఉన్నదున్నట్టు బ్యాటరీ మీద పడుతుంది. గాలి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఈ సైజు బండి 80లో పోతే యూనిట్‌కి 7 కిలోమీటర్ల దాకా రావచ్చు. 100లో ఐదున్నర. 120 పట్టారంటే నాలుగున్నరకి దిగుతుంది.

హైదరాబాద్ పోయొద్దాం

100 మీదే లెక్కేద్దాం, నాలుగు వరుసల హైవే మీద కార్లకి చట్టం ఒప్పుకునే వేగం కూడా అదే. పోవడానికి 215 కిలోమీటర్లకి 39 యూనిట్లు. కర్నూలు కంటే హైదరాబాద్ 250 మీటర్లు ఎత్తున ఉంటుంది, రెండు టన్నులు దాటిన బండిని అంత ఎత్తు ఎక్కించడానికి ఇంకో రెండు యూనిట్లు. ఊళ్ళో 50 కిలోమీటర్లకి ఎనిమిది. మొత్తం 49. నిండుగా బయల్దేరితే సాయంత్రానికి బ్యాటరీలో 17 యూనిట్లు, అంటే నాలుగో వంతు మిగులుతుంది. తిరుగు ప్రయాణానికి 38 కావాలి. చేతిలో కాస్త మిగులు ఉండాలంటే హైదరాబాద్‌లోనో దారిలోనో 30 యూనిట్లు ఎక్కించుకోవాలి.

60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ సరిగ్గా పనిచేస్తే దానికి 35, 40 నిమిషాలు. ఆ ‘సరిగ్గా’ అన్న మాట దగ్గరే మన టెన్షనంతా ఉంది. చాలా చార్జర్లకి రెండు గన్నులు, అంటే బండికి తగిలించే ప్లగ్గులు, ఉంటాయి, రెండో గన్నుకి ఇంకో బండి తగిలిస్తే 60 కాస్తా చెరి 30 అవుతుంది. యాప్‌లో పచ్చగా కనిపించింది వెళ్ళేసరికి చచ్చిపడి ఉండొచ్చు. పని జరుగుతున్నంత సేపూ, ఆసుపత్రి పార్కింగులోనో మాల్‌లోనో 11 కిలోవాట్ల మామూలు ఏసీ చార్జర్‌కి తగిలించి మూడు గంటలు వదిలేయగలిగితే అంతకంటే హాయి లేదు. తిరుగు ప్రయాణంలో రాత్రి తొమ్మిదికి ఆకలి మీద, పిల్లల్ని పెట్టుకుని చార్జర్ వెతకడం మాత్రం వద్దు.

ఖర్చెంత? డీజిల్ ఎక్స్1 హైవే మీద లీటరుకి 16 ఇస్తుందనుకుంటే 30 లీటర్లు. మన రాష్ట్రంలో డీజిల్ లీటరు 97 రూపాయల దరిదాపుల్లో ఉన్నప్పటి లెక్క ప్రకారం 2,900. ఎలక్ట్రిక్‌కి బయట ఎక్కించిన 30 యూనిట్లు, యూనిట్ 22 చొప్పున 660. మిగతా 57 యూనిట్లు ఇంట్లో నింపుకోవాలి. చార్జింగులో పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి మీటరు మీద 63 తిరుగుతుంది, పై స్లాబులో యూనిట్ పది రూపాయల చొప్పున 630. మొత్తం 1,300 లోపే. ట్రిప్పుకి 1,600 మిగిలింది, ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంట ఖరీదు మనిషిని బట్టి ఉంటుంది. కాంట్రాక్టు పనుల మీద తిరిగేవాడికి అది ఎక్కువే. అమ్మానాన్నల్ని చెకప్‌కి తీసుకెళ్ళేవాడు ఎలాగూ మధ్యలో ఆగుతాడు.

అనంతపురం నుంచి బెంగళూరుకి దూరం అంతే అయినా లెక్క కొంచెం గట్టిది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు 900 దాటి ఉంది. ఎక్కడానికే నాలుగు యూనిట్లు, అంటే ఇరవై కిలోమీటర్లకు పైగా రేంజి ముందే పోతుంది. వచ్చేటప్పుడు పల్లం కాబట్టి చాలావరకు తిరిగొస్తుంది. దానికి తోడు గాలి. రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు ఎందుకు పెట్టారో జూన్, జూలైలో పెనుకొండ దాటేటప్పుడు ఎలక్ట్రిక్ కారు నడిపేవాడికి బాగా అర్థమవుతుంది. నైరుతి గాలి ఎదురు కొడుతుంటే 100లో పోతున్న బండికి 120లో పోతున్నంత ఖర్చు కావచ్చు. డీజిల్ బండికీ ఈ గాలి తగులుతుంది, కాకపోతే ట్యాంకు పెద్దది, ఎవరూ పట్టించుకోరు. పైగా అనంతపురం వాళ్ళు కొడికొండ చెక్‌పోస్టు దాటి, బాగేపల్లి దగ్గర కర్ణాటక బంకులో లీటరుకి కొన్ని రూపాయలు తక్కువకి ట్యాంకు నింపుకుని వస్తారు. ఈ సౌకర్యం ఏ కంపెనీ బ్రోచర్‌లోనూ ఉండదు.

కడప కథ వేరు. కడప నుంచి రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. ఆ రోడ్డు చాలాచోట్ల ఇంకా రెండు వరుసలే, లారీల వెనక పోవాలి, 80 దాటడమే గగనం. డ్రైవరుకి విసుగు, బ్యాటరీకి పండగ. రానుపోను 280, తిరుమల ఘాట్ కలిపినా 330 దాటదు. ఆ వేగంలో యూనిట్‌కి ఆరున్నర వస్తే దారిలో ఎక్కడా చార్జ్ చేయకుండా ఇంటికి రావచ్చు. కొండ ఎక్కడానికి తిన్న నాలుగైదు యూనిట్లలో సగానికి పైగా దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి వెనక్కి ఇస్తుంది. రాయచోటి నుంచి కడపకి వచ్చేవాళ్ళకి గువ్వలచెరువు ఘాట్‌లోనూ ఇదే. పాలకోవా కొనుక్కుని దిగడం మొదలుపెడితే, పక్కన లారీల బ్రేకులు వేడెక్కి కంపు కొడుతుంటే, మన డ్యాష్‌బోర్డు మీద రేంజి పెరుగుతూ పోతుంది. బ్రేకు పెడల్ మీద కాలు పెట్టే పని పెద్దగా ఉండదు. ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ నడిపినవాడికి మళ్ళీ డీజిల్ ఆటోమేటిక్ నచ్చదు, ఈ ఒక్క విషయంలో నేను పక్షపాతినే.

ఎండ సంగతి

‘మన ఎండలకి బ్యాటరీ తట్టుకుంటుందా’ అన్నది మొదటి ప్రశ్న, దాదాపు ప్రతి ఇంట్లో. మే నెలలో కర్నూలు, నంద్యాల 44, 45 డిగ్రీలు చూస్తాయి కాబట్టి అడగడంలో తప్పులేదు. ఈ ధర బండ్లలో బ్యాటరీని చల్లబరచడానికి ద్రవం తిరిగే ఏర్పాటు ఉంటుంది, అవసరమైతే ఏసీ కంప్రెసరే దాన్నీ చల్లబరుస్తుంది. నడిచేటప్పుడు ఎండ వల్ల పోయే రేంజి జనం భయపడేంత ఉండదు. 100లో పోయే బండి 18 కిలోవాట్లు లాగుతుంటే, లోపల చల్లబడ్డాక ఏసీ లాగేది ఒకటిన్నర, రెండు. అంటే పదో వంతు. ఎండలో నిలబెట్టిన బండి ఎక్కినప్పుడు మొదటి పది నిమిషాలు మాత్రం అది గట్టిగా తాగుతుంది. ఇంట్లో ప్లగ్గుకి ఉండగానే యాప్‌లో ఏసీ వేసి చల్లబరిస్తే ఆ భారం కరెంటు మీటరు మీద పోతుంది.

అసలు దెబ్బ నిలబెట్టినప్పుడే. నూరు శాతం నింపిన బ్యాటరీని రోజులకొద్దీ ఎండలో వదిలేయడం దాని ఆయుష్షుకి చేటు. రోజువారీకి 80 దగ్గర ఆపడం, ప్రయాణం ముందు రాత్రి మాత్రమే నిండుగా పెట్టడం, షెడ్డో వేపచెట్టో చూసి నిలపడం చాలు. మధ్యాహ్నం రెండింటికి ఫాస్ట్ చార్జింగ్ పెడితే బండే చార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది, అది జబ్బు కాదు, జాగ్రత్త. బ్యాటరీకి వారంటీ ఈ తరగతిలో మామూలుగా 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు.

వేడికి ముందుగా పోయేది ఎవరూ అనుమానించని 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ఎలక్ట్రిక్‌లోనూ హైబ్రిడ్‌లోనూ డోరు తెరవడం నుంచి కంప్యూటర్ నిద్రలేవడం దాకా దాని చేతిలోనే ఉంటుంది. పెద్ద బ్యాటరీలో 60 యూనిట్లు ఉన్నా ఇది పోతే బండి కదలదు. మన ఎండల్లో రెండు మూడేళ్ళకి దాన్ని పరీక్ష చేయించుకోవాలి. ఊళ్ళో బ్యాటరీ షాపువాడు చేసిపెట్టే పనే.

హైబ్రిడ్ అంటే ఏ హైబ్రిడ్?

ఇక్కడ అమ్మేవాళ్ళే గందరగోళం పెంచారు. మెర్సిడెస్ జీఎల్‌సీ, కొత్త బీఎండబ్ల్యూ ఎక్స్3, వోల్వో ఎక్స్‌సీ60 వీటన్నిటిలో ఉండేది ఇంజనుకి 48 వోల్టుల చిన్న మోటారు సాయం. 2025లో ఫార్చ్యూనర్‌కి వచ్చిన నియో డ్రైవ్ కూడా అదే జాతి. జీఎల్‌సీలో ఆ మోటారు ఇచ్చేది 23 హార్స్ పవర్. ఆగిన ఇంజను కుదుపు లేకుండా లేవడానికి, కదిలేటప్పుడు కాస్త తోయడానికి పనికొస్తుంది. మోటారు ఒక్కటే బండిని లాగుతూ పోవడం దీంతో జరగదు. హైవే మీద మైలేజీలో తేడా నామమాత్రం. దీన్ని చూసి ఎక్కువ డబ్బులు పెట్టనక్కర్లేదు, ఉంటే వద్దనక్కర్లేదు.

రెండో రకం లెక్సస్ ఎన్‌ఎక్స్ 350హెచ్. రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజను, దాని పక్కన గట్టి మోటార్లు. చిన్న వేగాల్లో ఇంజను ఆపేసి కరెంటు మీదే పోతుంది. ఇన్నోవా హైక్రాస్‌లో ఉన్నదీ ఇదే పద్ధతి, టొయోటాది. బ్రేకు వేసినప్పుడల్లా పోయే శక్తిని పట్టుకుని దాచుకోవడమే దీని కిటుకు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిమిషానికోసారి బ్రేకు పడుతుంది కాబట్టి అక్కడ అద్భుతంగా ఉంటుంది. జడ్చర్ల దాటాక గంటసేపు 100లో పోతుంటే పట్టుకోవడానికి ఏముంది? అప్పుడది పొదుపైన పెట్రోలు కారు, అంతే. లీటరుకి 14 వచ్చినా 480 కిలోమీటర్లకి 34 లీటర్లు, మన రాష్ట్రం ధరలో 3,700 దాకా. డీజిల్ కంటే ఎక్కువే. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, ఆ లెక్కన మైలేజీలో ఆరేడు శాతం కోత.

అయితే హైబ్రిడ్‌కి ఒక చోటుంది. కుటుంబం సగం కర్నూలులో, సగం హైదరాబాద్ అపార్టుమెంటులో ఉండి, ఆ అపార్టుమెంటు అసోసియేషన్ చార్జర్ పెట్టుకోనివ్వకపోతే, బండి వారంలో నాలుగు రోజులు నగరం ట్రాఫిక్‌లోనే ఉంటే, అది తెలివైన కొనుగోలే. ప్లగ్గు పెట్టే మూడో రకం హైబ్రిడ్లు మన దేశంలో చాలా అరుదు, ధరలూ ఎక్కడో ఉన్నాయి. వాటి జోలికి పోను.

డీజిల్‌ని మరీ నెత్తిన పెట్టుకోకూడదు. ఇప్పటి పొగ నిబంధనలకి (బీఎస్6) తగ్గట్టు చేసిన డీజిల్ బండికి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అందులో పేరుకున్న మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి ఎక్కాలి, పావుగంటకి పైగా ఒకే వేగంలో హైవే మీద పోవాలి. రోజూ ఇంటి నుంచి సప్తగిరి సర్కిల్‌కి, అక్కడి నుంచి ఇంటికి తిప్పి, ఆర్నెల్లకోసారి బెంగళూరు పోయే బండికి జల్లెడ నిండుతుంది, దీపం వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుని కుంటుతూ నడిచే లింప్ మోడ్‌లోకి పోతుంది. పొగని శుభ్రం చేయడానికి విడి ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ ద్రవం అయిపోయేదాకా చూసీచూడనట్టు ఉంటే ఇంజను ఆపాక మళ్ళీ స్టార్టే కాదు. పాత సుమోలూ స్కార్పియోలూ చూసిన మెకానిక్కులు వీటిని విప్పలేరు.

ఇంట్లో కరెంటు

ఎలక్ట్రిక్ కొనేవాళ్ళు చార్జర్ల మ్యాపులు గంటలకొద్దీ చూస్తారు, ఇంటి ఎర్త్ మాత్రం చూడరు. 15 యాంపుల మామూలు ప్లగ్గు నుంచి గంటకి మూడు యూనిట్లు ఎక్కుతుంది, 66 నిండాలంటే 20 గంటలు దాటుతుంది. రాత్రి పదికి ఇల్లు చేరి మర్నాడు ఆరుకి మళ్ళీ బయల్దేరాలంటే ఇది చాలదు. త్రీఫేజ్ కనెక్షన్, 11 కిలోవాట్ల గోడ చార్జర్ ఉంటే ఆరేడు గంటల్లో నిండుతుంది. దానికి కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో లోడు పెంచుకోవడానికి అర్జీ పెట్టాలి, మీటరు నుంచి పార్కింగు దాకా లావు వైరు కొత్తగా లాగించాలి. పాత ఇంటి వైరింగుని నమ్మకూడదు.

ఇక ఎర్త్. కారు చార్జర్ పని మొదలుపెట్టే ముందు ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే ఎర్ర దీపం వేసి కూర్చుంటుంది. ఫ్రిజ్జు, మోటారు, ఏసీ ఎన్నాళ్ళుగానో ఏ ఫిర్యాదూ లేకుండా నడిచిన ఇంట్లో కొత్త కారు చార్జ్ కాకపోవడం చూసి జనం కారునే అనుమానిస్తారు. మన నేల సంగతి తెలిసిందే. రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి తేమ అన్నది ఉండదు. ఎండిన నేలలో ఎర్త్ ప్లేటు ఉండీ లేనట్టే. మా వీధిలో ఒకాయన బండి వానాకాలంలో బుద్ధిగా చార్జ్ అయ్యేది, వేసవి రాగానే మొరాయించేది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెడితే బల్బు మిణుకు మిణుకుమంది. అదే ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే భగ్గున వెలిగింది. అంతే, రోగం తెలిసింది. కొత్తగా లోతైన గుంత తీసి, ప్లేటు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, పైపు వదిలి, వారానికోసారి దాంట్లో రెండు బిందెల నీళ్ళు పోయమన్నాడు. లక్షల బండి రెండు బిందెల నీళ్ళ మీద ఆధారపడటం విని ఇంట్లో ఆడవాళ్ళు ఒకటే నవ్వు. బండి బుక్ చేసే ముందే, అదీ వేసవిలోనే, ఈ పరీక్ష చేయించుకోవడం మేలు.

కరెంటు బిల్లు భయం ఉన్నవాళ్ళకి మన దగ్గర దేవుడిచ్చిన వరం ఎండే. ఇంటి మీద ఒక కిలోవాట్ సోలార్ రోజుకి నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. ఐదు కిలోవాట్లు పెడితే రోజుకి 20, అంటే నూరు కిలోమీటర్ల నడక. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇళ్ళకి 78,000 రాయితీ ఉంది. పగలు కారు ఇంట్లో ఉండకపోయినా నెట్ మీటరింగులో, అంటే గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటుని మన బిల్లులో తగ్గించే పద్ధతిలో, ఆ యూనిట్లు లెక్కకి వస్తాయి. ‘కరెంటు కూడా బొగ్గు నుంచే కదా వచ్చేది’ అనేవాళ్ళకి సగం నిజం ఉంది. రాత్రి చార్జ్ చేస్తే ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ లాంటి బొగ్గు ప్లాంట్ల వాటా ఎక్కువే. పగలైతే గని, శకునాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి గ్రిడ్‌కి ఎక్కిస్తుంటాయి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చార్జ్ చేసేవాడి బండి చాలావరకు ఎండ మీద నడుస్తున్నట్టే.

చెడితే ఎవరు చూస్తారు

ఈ తరగతి జర్మన్, జపాన్ లగ్జరీ బండ్లు ఏది కొన్నా మనకి సర్వీసు హైదరాబాదో బెంగళూరో. అందుకే ఫార్చ్యూనర్‌ని ఎంత వెక్కిరించినా సీమలో దాని గిరాకీ తగ్గదు, టొయోటా సర్వీసు జిల్లా కేంద్రంలోనే ఉంటుంది. మామూలు సర్వీసు వరకు ఎలక్ట్రిక్‌కి పని తక్కువ. ఆయిల్ లేదు, మసి జల్లెడ లేదు, బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. బరువు ఎక్కువ కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి, ఆ సైజు టైర్లు ఊళ్ళో దొరకవు, చాలావాటిలో స్టెపినీ కూడా ఉండదు. ఎక్కడో డోన్ దగ్గర ఆగిపోతే తాడు కట్టి లాగడానికి లేదు, చక్రాలు నేలకి తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. ఈ చివరిది ఆల్ వీల్ డ్రైవ్ డీజిళ్ళకీ వర్తిస్తుంది, కాబట్టి ఒక్క ఎలక్ట్రిక్‌నే తప్పుపట్టడానికి లేదు. పొలాల దారుల్లో తిరిగేవాళ్ళు మాత్రం బండి కింద పరిచిన బ్యాటరీకి నేలకి ఎంత ఎడం ఉందో నలుగురు కూర్చున్నాక వంగి చూసుకోవాలి.

డబ్బు లెక్క ఇక్కడికి సులువైంది. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో ఎలక్ట్రిక్ వల్ల మిగిలేది 50, 60 వేలు. 50 లక్షల బండిని ఐదేళ్ళకి అమ్మినప్పుడు డీజిల్ కంటే ఐదారు లక్షలు తక్కువ వస్తే ఆ పొదుపంతా హరీ. వ్యాపారం పేరు మీద కొనేవాళ్ళకి కథ మారుతుంది. ఆదాయపు పన్నులో మామూలు కారుకి తరుగుదల ఏడాదికి 15 శాతమైతే ఎలక్ట్రిక్‌కి 40. తాడిపత్రి గ్రానైట్ వాళ్ళు, బేతంచెర్ల పాలిషింగ్ యూనిట్ల వాళ్ళు తమ ఆడిటర్‌ని ముందు అడగాల్సింది ఇదే. లైఫ్ టాక్స్ రాష్ట్రానికో తీరుగా ఉంది. తెలంగాణ 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా ఎలక్ట్రిక్‌కి పూర్తి మినహాయింపు ఇచ్చింది, కర్ణాటక 2024లో 25 లక్షలు దాటినవాటి మీద 10 శాతం వేసింది. హైదరాబాద్ బావమరిది అడ్రసు మీద రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పుదామనుకునేవాళ్ళు 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందేనన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆన్‌రోడ్ ధర మన జిల్లా రిజిస్ట్రేషన్‌తో కాగితం మీద రాయించుకుంటే గొడవ ఉండదు.

నా మొగ్గు ఎటో చెప్తాను. సొంత ఇల్లు, త్రీఫేజ్, ఇంట్లో ఇంకో కారు, ఎప్పుడూ పోయేది ఒకటే ఊరు అయితే ఎలక్ట్రిక్ తీసుకోమంటాను. ఆ ఊళ్ళో చార్జర్ చోటు ఒకసారి తేలితే ప్రతిసారీ అదే పనిచేస్తుంది. ఇవాళ హైదరాబాద్, ఎల్లుండి అమరావతి, మధ్యలో ఆళ్ళగడ్డలో పెళ్ళి అన్నట్టు తిరిగే మనిషికి, ఒక్కటే బండి ఉన్న ఇంటికి ఇప్పటికి డీజిలే.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ చుట్టూ మూడు కిలోమీటర్లు తిప్పి తాళాలు తీసుకుంటారు, దానికి ఒప్పుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం, ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, ట్రిప్ మీటరు సున్నా చేసి, హైవే మీద 100లో 50 కిలోమీటర్లు పోయి అదే దారిలో వెనక్కి రావాలి. ఒకవైపే చూస్తే గాలి, ఎత్తుపల్లాలు మోసం చేస్తాయి. మిగిలిన రేంజి ఎంత చూపిస్తోందో పట్టించుకోవద్దు, 100 కిలోమీటర్లకి ఎన్ని యూనిట్లు తిన్నదో చూడాలి. 18 దగ్గర ఉంటే పైన వేసిన లెక్క సరిపోతుంది. 22 వచ్చిందంటే హైదరాబాద్‌లో 30 యూనిట్లు చాలవు, 50 దాకా ఎక్కించాలి, ఆగేది ముప్పావు గంట కాదు, గంటకు పైనే.